కోలారు గనులకు సంక్రాంతి సారె

ఈ రోజు మీతో ఒక ప్రయాణం గురించి చెప్పాలనుకుంటున్నాను. పెద్ద ప్రయాణమేమీ కాదు. తిరుపతిలో పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకు చేరిపోయే దూరం. రెండు వందల కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా ఆ దూరం పోవడానికి నాకు పదమూడేళ్లు పట్టింది.

కోలారు బంగారు గనుల్లో మా మేనత్త ఉంది. మా నాన్నకు ఒక్కతే చెల్లెలు. 1957లో పదహారో ఏట పెళ్లై ఆ ఊరికి వెళ్లింది. పలమనేరు దగ్గర మా పల్లె నుంచి ఏటా సంక్రాంతికి ఆమెకు సారె తీసుకుపోవడం మా నాన్న ఒక వ్రతంగా పెట్టుకున్నాడు. సారె అంటే వెండీ బంగారం అనుకునేరు. ఒక నేత చీర, రవిక గుడ్డ, పసుపు కుంకుమ, రెండు దిమ్మెల బెల్లం, చిన్న మూటెడు చెనిక్కాయలు, గోనెసంచి నిండా అనపకాయలు. బంగారం తవ్వే ఊరికి అనపకాయలు తీసుకుపోతున్నామని మా అమ్మ నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు. "ఆ ఊర్లో అన్నీ దొరుకుతాయి, పుట్టిల్లు దొరకదు కదా" అనేవాడు.

నాకు ఆరేడేళ్ల వయసు నుంచి ఆ ప్రయాణాల్లో నేనూ ఉండేవాణ్ణి. పలమనేరులో బస్సెక్కి వి.కోటలో దిగేవాళ్లం. అక్కడ కర్ణాటక బస్సు కోసం కాచుకోవాలి. అప్పటికి అది మైసూరు రాష్ట్రం, కర్ణాటక అని పేరు మారింది 1973లో. మా వైపు కండక్టరు అనపకాయల సంచికి లగేజీ కొట్టేవాడు కాదు. అటువైపు కండక్టరు మాత్రం తప్పకుండా కొట్టేవాడు. మా నాన్న ఆయనకు రెండు గుప్పిళ్ల చెనిక్కాయలు ఇచ్చి కూడా చూశాడు. ఆయన చెనిక్కాయలూ తిన్నాడు, టిక్కెట్టూ కొట్టాడు.

అసలు మా వైపు మనుషులు అంత దూరం పోయి ఆ భూగర్భంలో ఎందుకు పడ్డారని మీరు అడగవచ్చు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అనే ఇంగ్లీషు సంస్థ అక్కడ తవ్వకం చేపట్టిన దగ్గర నుంచీ ఆ గనులకు మనుషులు కావలసి వచ్చారు. అప్పట్లో మా పలమనేరు, చిత్తూరు అన్నీ ఉత్తరార్కాటు జిల్లాలోవి. వానలు లేని ఏళ్లు, తీరని అప్పులు, పంచుకుంటే గుంటల లెక్కకు వచ్చే భూములు. గనుల్లో అయితే నెల నెలా జీతం. తమిళం మాట్లాడే పల్లెల నుంచి ఎక్కువగానూ, తెలుగు పల్లెల నుంచి కొంత తక్కువగానూ జనం తరలిపోయారు. మా మామ వాళ్ల తాత అలా పోయినవాడే. మూడు తరాలు ఆ గనిని నమ్ముకుని బతికాయి.

మా పల్లెకు కరెంటు వచ్చింది 1974లో. కోలారు గనులకు శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది 1902లో. కావేరి జలపాతం దగ్గర పుట్టించి, దాదాపు నూట యాభై కిలోమీటర్లు తీగల మీద తెచ్చారు. అందుకని నా చిన్నతనంలో మా అత్తయ్య ఇంటి గోడ మీద స్విచ్చి నొక్కడమే నాకు పండగ. నొక్కీ నొక్కీ ఒకసారి బల్బు పోగొట్టాను. అత్తయ్య నన్నేమీ అనలేదు. మామ డ్యూటీ నుంచి వచ్చే లోపల పక్కింటి వాళ్ల దగ్గర బల్బు అడిగి తెచ్చి పెట్టింది. ఆ పక్కింటి వాళ్ల సంగతి తరవాత చెబుతాను.

1990ల నాటికి గనుల్లో బంగారం తగ్గింది, ఖర్చు పెరిగింది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూతపడ్డాయి. మా మామ అప్పటికే రిటైరయ్యాడు. పెద్ద బావకు మాత్రం ఆ రోజుతో ఉద్యోగం పోయింది. మా నాన్న 2008లో కాలం చేశాడు. ఆ తరవాత సారె బాధ్యత నాది. మొదటి రెండేళ్లు పోయాను. తరవాత బడి, పిల్లల చదువులు, పెళ్లిళ్లు. చీరకు డబ్బు పంపడం మొదలుపెట్టాను. 2012లో మామ పోయినప్పుడు వెళ్లి, కర్మాంతరం అయిన రాత్రే బస్సెక్కేశాను. అంతే. నెలకోసారి ఫోను మాత్రం ఉండేది. బాగుండావా అంటే బాగుండా అనేది. నేనూ అంతటితో సరిపెట్టుకునేవాణ్ణి.

2024 డిసెంబరులో బెంగళూరు నుంచి పెద్ద బావ ఫోను చేశాడు. "బావా, అమ్మకు ఎనభై నాలుగేండ్లు. ఒంటిగా ఆ క్వార్టర్సులో ఉంటాను అంటాది. స్నానాల గదిలో జారి పడింది. నేను చెప్తే వినదు, తమ్ముడు చెప్తే వినదు. పుట్టింటోళ్లు చెప్తే వింటాది. నువ్వొచ్చి ఒక మాట చెప్పి బెంగళూరుకు పంపించు" అన్నాడు. సారెతో పాటు ఈ పని కూడా నెత్తిన పెట్టుకుని 2025 సంక్రాంతికి, భోగికి ముందు రోజు ఆదివారం, బయలుదేరాను. మా అబ్బాయి కారు నడిపాడు. నా భార్య, కోడలు, పదేళ్ల మనవడు, ఆరేళ్ల మనవరాలు. ఆ కారులో ఏడుగురు కూర్చోవచ్చు.

తిరుపతి నుంచి చిత్తూరు దాకా ఇప్పుడు వెడల్పాటి రోడ్డు. చెప్పుకోవడానికి ఏమీ లేదు. బంగారుపాళెం దాటాక మొగిలి ఘాటు ఎక్కుతుంటే మాత్రం నాకు మా నాన్న గుర్తుకొచ్చాడు. ఆ మలుపుల్లో ఆయన బస్సు కిటికీ మూసేవాడు. పైనుంచి చలిగాలి తగిలేది. ఘాటు పైకెక్కితే మనం మైసూరు పీఠభూమి అంచు మీద ఉన్నట్టు లెక్క. ఆ రోజు కూడా తొమ్మిది గంటల దాకా మంచు విడలేదు. మా మనవరాలు కారు అద్దం మీద వేలితో ముగ్గు వేసింది.

పల్లెలో తమ్ముడు అన్నీ సిద్ధం చేసి ఉంచాడు. అనపకాయలు ఆ తెల్లవారుజామునే కోయించాడు. మంచులో తడిసిన కాయకే వాసన ఉంటుందని మా వైపు నమ్మకం, కోలారు వైపు కూడా అదే మాట. పళ్లెంలో చీర సర్దేటప్పుడు నా భార్య చెయ్యి కొంచెం ఆగింది. మామ లేడు కదా, కుంకుమ పెట్టాలా వద్దా అని. మా మరదలు, తమ్ముడి భార్య, చదువుకున్న మనిషి కాదు. "ఆడబిడ్డకు పుట్టింటి కుంకుమ ఎవురు పెట్టొద్దన్నారు?" అని భరిణె తెచ్చి పెట్టేసింది.

పాత రోజుల్లో లాగా వి.కోట మీదుగా కాక, పాత నాలుగో నంబరు జాతీయ రహదారి మీద నంగిలి దాటి ముళబాగిలు పోయాం. నంగిలితో మన రాష్ట్రం అయిపోయి కోలారు జిల్లా మొదలవుతుంది. బోర్డుల మీద అక్షరాలు మారతాయి. మాట మారదు. ముళబాగిలులో దోసెల కోసం ఆగితే, హోటలాయన మా మనవడితో కన్నడం, నాతో తెలుగు, వంటవాడితో మళ్లీ తెలుగు. ఈ జిల్లాలో ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం మామూలు. కైవారం తాతయ్య అని మనం భక్తితో పిలుచుకునే నారేయణ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పింది ఈ నేల మీదనే. ఆయన కైవారం ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లాలోకి పోయింది, 2007లో కోలారు జిల్లాను రెండు చేశారు కదా. మా చిత్తూరు జిల్లాకు ఆ ముచ్చట 2022లో జరిగింది. జిల్లాలు ఎన్నయినా పితికిపప్పు వండే పద్ధతి మాత్రం రెండు వైపులా ఒక్కటే.

కురుడుమలె వినాయకుణ్ణి చూడకుండా ముళబాగిలు దాటకూడదని మా నాన్న నియమం. బస్సులో పోయే రోజుల్లో మాకు అది ఎప్పుడూ కుదరలేదు. అంటే, ఆయన నియమాన్ని ఆయన ఎన్నడూ పాటించలేదన్న మాట. ఈసారి కారు కాబట్టి పోయాం. పదమూడు అడుగులు దాటిన ఏకశిలా విగ్రహం. దాని ముందు నిలబడితే మనిషి ఎంత వాడో తెలుస్తుంది. అక్కడి నుంచి బేతమంగల. పాలారు నీళ్లు నిలిచే ఈ చెరువే గనుల ఊరికి దాహం తీర్చింది. బెంగళూరు చెన్నై కొత్త ఎక్స్‌ప్రెస్ రోడ్డు ఆ పక్కనుంచే పోతుంది. ఇకమీదట బెంగళూరు వాళ్లు గంటలో వచ్చేస్తారని మా అబ్బాయి అన్నాడు. రావచ్చు. నాకు రోడ్డు లేక కాదు గదా పదమూడేళ్లు ఆగింది.

ఊరు దగ్గరపడుతుంటే ముందు కనిపించేవి సైనైడు దిబ్బలు. రాయిని పొడి చేసి, సైనైడు కలిపిన నీళ్లతో బంగారాన్ని వేరు చేశాక మిగిలిన మన్ను అది. నూట ఇరవై ఏళ్ల మన్ను కొండలై నిలబడింది. మా మనవడు సీట్లోంచి లేచి నిలబడ్డాడు. "తాతా, కేజీఎఫ్ సినిమా ఇక్కడే తీసినారు!" అన్నాడు. నిజమే, 2018లో వచ్చిన ఆ సినిమాకు ఇక్కడ సెట్టింగులు వేశారు. ఆ సినిమా చూసిన దేశమంతటికీ ఇప్పుడు ఈ ఊరు పేరు తెలుసు. కాకపోతే మా మామలాంటి వాళ్లు అందులో లేరు. గాలి వీచే కాలంలో ఈ దిబ్బల దుమ్ము అన్నంలో పడేది. మా అత్తయ్య అన్నం గిన్నె మీద పళ్లెం, పళ్లెం మీద గుడ్డ, గుడ్డ మీద చెంబు పెట్టేది. ఇప్పటికీ అలాగే పెడుతోంది, చూశాను.

రాబర్ట్‌సన్‌పేట బజారు దాటి, ఛాంపియన్ రీఫ్ వైపు తిరిగాం. గనిలోకి దిగే బావుల మీద ఇనుప చట్రాలు, వాటి మీద పెద్ద చక్రాలు. ఇప్పుడవి తిరగవు. గనులు మూసేశాక నీళ్లు తోడేవాళ్లు లేక లోపలంతా నీళ్లు నిండిపోయాయి. మూడు కిలోమీటర్లకు పైగా లోతు. ప్రపంచంలోనే అంత లోతు గనులు కొద్ది. అక్కడి నుంచి మొత్తం మీద ఎనిమిది వందల టన్నుల దాకా బంగారం తీశారని లెక్క. ఆ దారిలో ఒక ఇంగ్లీషు దొరల బంగళా, దాని పక్కన చర్చి, ఎదురుగా కూలీల లైన్లు. లైన్లు అంటే వరుసగా అతికించినట్టు కట్టిన చిన్న చిన్న ఇళ్లు. మా మామది కొంచెం పెద్ద ఉద్యోగం కాబట్టి రెండు గదుల ఇల్లు ఇచ్చారు.

అత్తయ్య గడపలో కూర్చుని ఉంది. కారు ఆగినా లేవలేదు. నేను దిగి కాళ్లకు దండం పెట్టాను.

"ఏమిరా నాయనా, దోవ మరిచిపోయినావనుకొంటి" అంది.

నాకు సమాధానం లేదు. నా భార్య అందుకుని, "మరిచిపోలేదత్తా, కారు కొనేదానికి ఇన్నేండ్లు పట్టింది" అంది. అత్తయ్య నవ్వింది. అనపకాయల సంచి దించుతుంటే దాన్ని చేత్తో తడిమి చూసి, ఒక కాయ ఒలిచి గింజ వాసన చూసింది. తరవాత చీర పళ్లెం. కుంకుమ భరిణె తీసి ఒక నిమిషం పట్టుకుని, మూత తియ్యకుండానే కళ్లకద్దుకుని దేవుడి గూట్లో పెట్టింది. నా భార్య నా వైపు చూసింది. నేను చీర ధర గురించి ఏదో మాట్లాడాను.

ఆ రాత్రి అనపగింజలు నానబోసుకుని అందరం కూర్చుని మాట్లాడాం. మా మనవడికి గని గురించి వినాలని ఆశ. సినిమాలోది కాదు, నిజంది చెప్పమన్నాడు. మా మామ వైండింగ్ ఇంజను డ్రైవరు. అంటే మనుషుల్ని బావిలోకి దించే బోనును, పైకి లాగే బోనును నడిపేది ఆయన. ఆయన ఉండేది నేల మీద, ఒక గదిలో. మనుషులు కిలోమీటర్ల లోతున. కింది నుంచి గంట మోగుతుంది. ఆ గంటల లెక్కను బట్టి దించడం, ఎత్తడం, ఆపడం. ఎదురుగా ఒక ముల్లు బోను ఎంత లోతులో ఉందో చూపిస్తుంది. కళ్లు దాని మీద, చెయ్యి బ్రేకు మీద.

"మీ ముత్తాత డ్యూటీకి పొయ్యే ముందర నేను ఒక్క మాట అనేదాన్ని కాదు" అంది అత్తయ్య మనవడితో. "కందిపప్పు లేకపోయినా, పిల్లోడికి జరమొచ్చినా, ఎవురన్నా ఏమన్నా అన్నా, అంతా ఆయన వచ్చినాకనే. మనసు యాడో పెట్టుకోని చెయ్యి ఒక్క గడియ తప్పితే ఆ బోనులో మనుసులేం కావల్ల? నా మొగుడితో నేను కొట్లాడింది కూడా షిప్టు చూసుకోనే."

అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

అప్పుడు చెప్పింది, ఎయిర్ బ్లాస్టుల సంగతి. లోతున రాయి తన మీది బరువు తట్టుకోలేక ఒక్కసారిగా పగిలిపోవడాన్ని అక్కడ అలా అంటారు. పైన ఇళ్లు కదిలేవి, అలమరలో గిన్నెలు మోగేవి. నా చిన్నప్పుడు ఒక సంక్రాంతికి అలా మోగడం నేనూ విన్నాను. లైన్లలో ఆడవాళ్లంతా చేస్తున్న పని వదిలేసి బయటికి వచ్చి నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ మాట్లాడలేదు. అందరూ ఆ ఇనుప చక్రాల వైపే చూస్తున్నారు. చక్రాలు తిరగడం మొదలుపెడితే ఎవరినో పైకి తెస్తున్నారని అర్థం. అవి తిప్పేది మా మామ చెయ్యి అని నాకు ఆ వయసులో తట్టలేదు.

అదే గనిలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా పరిశోధన సంస్థ వాళ్లూ, జపాను, ఇంగ్లండు శాస్త్రవేత్తలూ కలిసి 1965లో ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినోల జాడ పట్టారు. అన్నిటిలోంచీ దూరిపోయే అతి సూక్ష్మ కణాలవి. మిగతా కణాల గోల తగలకుండా ఉండాలంటే అంత రాయి అడ్డం ఉండాలట. మా మామ ఇది గొప్పగా చెప్పుకునేవాడు. "బంగారం దొరలు ఎత్తుకోని పోయినారు, ఆ కణం మాత్రం మా గనిదే" అనేవాడు.

మర్నాడు భోగి. ఒకే వరుసలో ఒక గుమ్మం ముందు తెలుగు ముగ్గు, పక్కన తమిళ కోలం, ఆ పక్కన రంగోలి. ఒక ఇంట్లోంచి పొంగలి, ఇంకో ఇంట్లోంచి నువ్వులూ బెల్లమూ కొబ్బరి ముక్కలూ కలిపిన ఎళ్లు బెల్ల. మా ఇంట్లోంచి పితికిపప్పు, ఓళిగలు. పిల్లలు గిన్నెలు మోసుకుంటూ ఇంటింటికీ తిరిగారు. మా మనవరాలు ఏ ఇంట్లో ఏ భాష మాట్లాడాలో తెలియక అన్ని ఇళ్లలోనూ తల ఊపి వచ్చింది. ముందటిలా జనం లేరు. ఇళ్లు చాలావరకు తాళాలు వేసి ఉన్నాయి. ఉన్నవాళ్లలో కుర్రవాళ్లు తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రి తిరిగి వస్తారు. గని మూతపడ్డాక మా పెద్ద బావ ఆరేళ్లు అలా తిరిగాడు. నాలుగు గంటలకు లేచి, రాత్రి తొమ్మిదికి ఇల్లు. తన పిల్లలు మేలుకుని ఉండగా చూసింది ఆదివారాల్లోనే అనేవాడు. చివరికి కాపురం అక్కడికే మార్చేశాడు.

పండగ రోజు కమ్మసంద్రం కోటిలింగాలు చూసి వచ్చాం. పిల్లలకు నచ్చింది. 108 అడుగుల లింగం, చుట్టూ లెక్కపెట్టలేనన్ని చిన్న లింగాలు. ఆ సాయంత్రం, ఇక తప్పదని, నేను బెంగళూరు మాట ఎత్తాను.

నాలుగు మాటలు ముందే కూర్చుకుని ఉంచుకున్నాను. వయసు, ఆరోగ్యం, కొడుకుల పరువు, ఆస్పత్రి దూరం. అత్తయ్య అంతా విన్నది. ఇంటి మీద మమకారమంటుందేమో అనుకున్నాను. ఆ ఇంటి కాగితాల వ్యవహారం ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది, ఆమెకు దాని మీద ఆశ లేదు. గనులు మళ్లీ తెరుస్తారని ఎదురుచూస్తోందేమో అనుకున్నాను. 2024లో ఆ దిబ్బల మన్నులో మిగిలిన బంగారం తీసే ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుందని పేపర్లో వచ్చింది కూడా. "తెరుస్తామని ఇరవై ఏండ్లుగా చెప్తానే ఉండారు, తెరవనీ, నేనేమన్నా పార పట్టేదుండాదా" అని కొట్టిపారేసింది.

అప్పుడే గోడ అవతల నుంచి "అక్కా" అని పిలుపు వినిపించింది. అత్తయ్య లేచి, పొయ్యి మీది నీళ్లు దించి, గిన్నె తీసుకుని వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

పక్కింటి ఆమె తమిళ మనిషి. నా చిన్నప్పుడు బల్బు ఇచ్చిన ఇల్లు అదే. చక్కెర జబ్బు వల్ల ఇప్పుడు ఆమెకు కళ్లు దాదాపు కనిపించవు. ఆమె భర్త భూమి లోపల పనిచేశాడు, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి యాభై ఏళ్లు నిండకుండానే పోయాడు. ఒక్క కూతురు, ఆంబూరులో ఉంది, తోళ్ల కార్ఖానాలో పని. అత్తయ్య ఆమెకు మాత్రలు చేతిలో పెట్టింది, నీళ్లు అందించింది, అన్నం కలిపి ముద్ద ఎంతుందో చేతికి తెలిసేలా గిన్నె అంచుకు చేర్చింది. మాటల్లేవు. రోజూ జరిగే పని అని తెలిసిపోతోంది.

బయటికి వచ్చాక నాతో అంది. "ఈమె మొగుణ్ణి మీ మామ ఇరవై రెండేండ్లు దించినాడు, ఎత్తినాడు. ఒక్క దినం తప్పలేదు. పైకొచ్చిన మనిసి ఇంటికొచ్చి, దగ్గుతానే, మీ అన్న చెయ్యి బాగుండాదని నాతో చెప్పేవోడు. ఇప్పుడు నేను బెంగళూరికి పోతే ఈమెకు మాత్ర ఎవురిస్తారు? నువ్విస్తావా? పెద్దోడు ఇస్తాడా?"

నేను కూర్చుకున్న నాలుగు మాటల్లో ఈ పక్కింటి ఆమె ఎక్కడా లేదు. బావ ఫోనులోనూ లేదు. నెలకోసారి నేను చేసిన ఫోన్లలోనూ ఎప్పుడూ రాలేదు. నేను అడగలేదు కాబట్టి రాలేదు.

ఆ రాత్రి నా భార్య ఒక ఉపాయం చెప్పింది. బెంగళూరు మాట వదిలేసి, అత్తయ్యను మూడు రోజులు పుట్టింటికి రమ్మని పిలవమంది. పక్కింటి పిన్నమ్మను కూడా పిలవమంది. ఆడబిడ్డ పుట్టింటికి వచ్చి ఎన్నేళ్లయిందో లెక్క వేశాం. మా నాన్న కర్మాంతరానికి వచ్చిందే చివరిసారి. సారె పంపుతున్నాం, పంపుతున్నాం అనుకుంటూ, రమ్మని పిలవడం మరిచిపోయాం.

కనుమ పొద్దున అడిగాను. అత్తయ్య మొహం వెలిగింది, మళ్లీ వెంటనే అనుమానం. "కనుమ నాడు కాకి గూడా కదలదంటారే" అంది. నేను ఏమంటానో అని చూస్తోంది. నాకు ఏమీ తోచలేదు. తనే మళ్లీ, "పుట్టింటికి పొయ్యేది ప్రయాణమెట్లయితాదిలే" అని, గోడ దగ్గరికి పోయి కేకేసింది. పిన్నమ్మ మొదట రానంది. మీ ఇంటి పండగకు నేనెందుకు తంబీ అంది నాతో, తమిళం కలిసిన తెలుగులో. అత్తయ్య ఆమె మాత్రల డబ్బా, రెండు చీరలు అప్పటికే సంచిలో పెట్టేసింది.

ఏడుగురు పట్టే కారులో ఎనిమిది మందిమి ఎక్కాం. మనవరాలు పిన్నమ్మ ఒడిలో కూర్చుంది. తిరుగు దారి వి.కోట మీదుగా పట్టాం, అత్తయ్య ఆ దారే కావాలంది. దోవ పొడుగునా పిన్నమ్మకు చెబుతూనే వచ్చింది, ఇది రాగి చేను, ఇది టమాటా తోట, అదిగో చెరువు, నీళ్లు సగం ఉండాయి. వి.కోటలో గాజులు కొనుక్కోవాలంది. ఇద్దరూ కొనుక్కున్నారు. పలమనేరు వైపు తిరిగాక చీకటి పడకముందే ఇల్లు చేరాలని మా అబ్బాయి తొందరపడ్డాడు. ఆ పక్క కౌండిన్య అడవి. 1980లలో తమిళనాడు వైపు నుంచి వచ్చిన ఏనుగులు అక్కడ నిలిచిపోయాయి, వాటి కోసం 1990లో దాన్ని అభయారణ్యం చేశారు. కోతల కాలంలో చేలలోకి దిగుతాయి. ఏనుగు కనిపించాలని మనవడు, కనిపించకూడదని వాళ్ల నాన్న. కనిపించలేదు.

పల్లె చేరేటప్పటికి పసల పండగ జోరుగా ఉంది. ఊరి బయట చిట్లాకుప్ప అంటించారు. కంప చిటపటలాడుతోంది, ఆవుల మెడల్లో కొత్త గంటలు, కొమ్ములకు రంగులు, పిల్లల కేకలు. తమ్ముడు ఇద్దరినీ తిన్నె మీద కూర్చోబెట్టాడు. మంట వేడి మొహానికి తగలగానే పిన్నమ్మ అటు తిరిగింది. "ఎంత పెద్దదక్కా మంట?" అని అడిగింది. అత్తయ్య లేచి చెయ్యి పైకెత్తి, ఆ చెయ్యిని ఆమె చేత్తో తడిమించి ఎత్తు చూపించింది.

రాత్రి బావ ఫోను చేశాడు. "ఏమైంది బావా, ఒప్పుకొనిందా?" అన్నాడు. పక్కింటి ఆమె సంగతి చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత, రెండో శనివారం నేనొస్తాను, కంటి డాక్టరు దగ్గరికి ఆమెను కూడా తీసుకుపోతాను అన్నాడు. వచ్చాడు కూడా. డాక్టరు ఒక కంటికి కొంత చూపు మిగిలింది, కాపాడుకోవచ్చు అన్నాడట.

శనివారం నాడు ఇద్దరినీ తిరిగి తీసుకుపోయి దించాను. అత్తయ్య తాళం తీసి, ముందు పక్కింటి తాళం కూడా తనే తీసి, లోపల లైటు వేసి వచ్చింది. నేను బయలుదేరుతుంటే కారు కిటికీ దగ్గరికి వచ్చి, వచ్చే పండక్కి అనపకాయలు రెండు సంచులు తెమ్మంది. ఒక సంచి గోడ అవతలికట.